నేల మీద పిలుపు

నార్కట్‌పల్లి,
ఆగస్టు 2022.

అక్కా,

నీ వాట్సాప్‌కు ఇక నేను జవాబివ్వను. పాప ఫోటో పంపితే ఒక గుండె బొమ్మ పెడతావు. నాకు జ్వరమని రాస్తే చేతులు జోడించిన బొమ్మ పెడతావు. బొమ్మలు చూసుకోవడానికి నాకు గోడ మీద క్యాలెండర్ ఉంది. నువ్వు నర్సింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు రాసినట్టు కాగితం మీద రాయి. ఎవరు ఏమన్నా ఆ మాటను ఉన్నదున్నట్టు, యాసతో సహా రాయి. నేను మాటలు విన్నది తొమ్మిదేళ్ళ వయసు దాకానే. ఆ తరువాత నాకు వచ్చిన తెలుగంతా పేపర్లలోది, పుస్తకాల్లోది. మన మర్రిగూడ మాట నాకు వినబడాలంటే నీ ఉత్తరం తప్ప దారి లేదు.

పాపకు రెండు నెలలు నిండాయి. ఇరవై ఒకటో రోజున నువ్వు వచ్చి చూసిన కోడిపిల్ల కాదిప్పుడు, బుగ్గలొచ్చాయి. నిహారిక అని నువ్వు పెట్టిన పేరును నోటితో పిలిచేవాళ్ళం కాదు కదా, అందుకని మనీష దానికొక సైగ పేరు పెట్టింది. చూపుడువేలు బుగ్గ మీద పెట్టి తిప్పితే అది మన పాప. రాతలో చిన్ని.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లను గాజుపెట్టెలో పెట్టి, రోజూ సూది వేసి బతికించారు ఆ ప్రైవేటు దవాఖానవాళ్ళు. వాళ్ళకు దండం. ఒక్కటే ఇబ్బంది, అక్కడ అందరి మూతికీ మాస్కులే. నేను పెదాలు చూసి మాట పట్టుకునేవాణ్ణి. మనీషకు పుట్టుకతోనే చెవుడు, ఆమెకు ఆ విద్య కూడా అంతగా రాదు. ఇంటికి పంపే రోజు సిస్టరమ్మ మాస్కు లోపలి నుంచి చాలాసేపు ఏదో చెప్పింది. నేను తలూపాను. తలూపితే ఎదుటివాళ్ళకు సంతోషంగా ఉంటుంది, నన్ను మళ్ళీ మళ్ళీ చూడరు. మందులు చేతిలో పెట్టారు, వచ్చేశాం.

హైవే పక్కన షెడ్డులో లారీ సీట్లు కుట్టే పని అట్లాగే ఉంది. డ్రైవర్లు వస్తారు, చిరిగిన జాగా చూపిస్తారు, టీ తాగడానికి పోతారు. పక్క పోర్షన్ ఇక్బాల్ బీ పొద్దున్నే వచ్చి చిన్నిని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తుంది. ఆమెకు పళ్ళు లేవు. ఆ పెదాలు చదవడం నాకు రోజూ పరీక్షే. ఆమె తప్ప ఈ వాడలో మా గుమ్మం తొక్కేవాళ్ళు లేరు.

రాయి.

నీ తమ్ముడు
దివాకర్


ఆత్మకూర్,
సెప్టెంబర్ 2022.

తమ్మీ,

సరే, కాగితమే. పెన్ను పట్టి ఎంతకాలమైందో, వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. వార్డులో రాసేవి అంకెలే కదా, బరువులు, జ్వరాలు.

మా ట్రస్టు దవాఖానలో ఇప్పుడు పసిపిల్లల వార్డు నాదే. నేనూ మెర్సీ సిస్టరూ పగలూ రాత్రీ పంచుకుంటాం. ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. వార్డులో సిస్టర్ అంటారు, నేను కిరాయికి ఉన్న ఇంటివాళ్ళు పైన సిస్టరమ్మ అంటారు. నీకు వినబడే రోజుల్లో నువ్వు నన్ను సువ్వక్కా అని పిలిచేవాడివి. నా పేరు అమ్మ కూడా అంత ముద్దుగా పిలవలేదు.

ఒక సంగతి మీద రోజూ గొడవ పడుతున్నాను. బిడ్డ రక్తంలో చీము చేరితే మేమూ ఆ సూదులే వేస్తాం. అవి ప్రాణం నిలబెడతాయి. ఒక్కోసారి చెవులు తీసుకుపోతాయి. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెడితే వింటుందో లేదో చెప్పే మిషన్ మాకుంది. అది వరండా చివరి గదిలో ఉంటుంది, బిడ్డలు వార్డులో ఉంటారు. ఇంటికి పోయేటప్పుడు చేద్దామంటే వీళ్ళు మంచి ఘడియ చూసుకుని ఆటో తెచ్చుకుంటారు. మొన్న ఒక అవ్వ నా చేయి తోసేసింది. "పది దాటితె దుర్ముహూర్తం వడతది బిడ్డా. చెవులు మల్లొచ్చినప్పుడు సూద్దురు తియ్యి." మళ్ళీ ఎవరొస్తారు చెప్పు?

డాక్టర్ వెంకటేష్ గారితో అన్నాను. "బతికిచ్చి పంపుతున్నం గద సిస్టర్. ఉన్నదే ఇద్దరం. గివన్ని ఎప్పుడు జేస్తం?" అన్నాడు. చెడ్డవాడు కాదు. నిలబడే అన్నం తినే మనిషి. నేనే ఊరుకోలేను.

నీ సంగతి గుర్తొస్తుంది. జ్వరం తగ్గి ఇంటికొచ్చాక అమ్మ మేకల దగ్గరి నుంచి పిలిస్తే నువ్వు పలకలేదు. "ఎంత మొండి పోరడైండు వీడు" అని కట్టెతో కొట్టింది. ఆ ఎండాకాలమంతా కొట్టింది. మొండి కాదని తెలిశాక ఆమె అన్నం ముట్టలేదు. సూది వేసినవాళ్ళలో ఒక్కరు ఒక్కసారి నీ వెనక చప్పట్లు కొట్టి చూసి ఉంటే ఆ దెబ్బలైనా తప్పేవి.

చిన్నికి ఆ దవాఖానలో చెవి పరీక్ష చేశారా? కనుక్కుని రాయి.

మనీషకు చలికి కాళ్ళు కప్పుకోమని చెప్పు.

అక్క
సుహాసిని


నార్కట్‌పల్లి,
నవంబర్ 2022.

అక్కా,

అవ్వ మాట చదివి ఎంత నవ్వానో. దుర్ముహూర్తం వడతది అట. "వడతది" అన్న దగ్గర నాకు అమ్మ గొంతు లీలగా వచ్చినట్టే అనిపించింది.

చెవి పరీక్ష చేసే ఉంటారు. అంత చేసినవాళ్ళు అదొక్కటి వదిలేస్తారా? అయినా ఇప్పుడు ఆ సంగతే అక్కర్లేదు, మేమే పరీక్ష చేసేశాం.

అక్కా, చిన్నికి వినబడుతుంది.

మొన్న ఆదివారం సిమెంటు నేల మీద చాప వేసి దాన్ని పడుకోబెట్టాం. మా ఇంట్లో ఒకరినొకరం పిలుచుకోవాలంటే కాలితో నేలను తంతాం కదా, నువ్వే ఒకసారి భయపడ్డావు. అట్లాగే దాని తల వెనక నిలబడి గట్టిగా తన్నాను. టక్కున నావైపు తల తిప్పింది. మళ్ళీ తన్నాను. మళ్ళీ తిప్పింది. మనీష నమ్మలేదు. ఇక్బాల్ బీని పిలుచుకొచ్చాను. ఆమె ఇత్తడి తాంబాళం తెచ్చి చాప పక్కన పడేసింది. చిన్ని ఉలిక్కిపడి ఏడ్చింది. పిల్ల ఏడుస్తుంటే మేమిద్దరం నవ్వుతూ నిలబడ్డాం, చూసేవాళ్ళకు పిచ్చివాళ్ళలా కనబడి ఉంటాం.

మా ఇంటికి ఒక చెవి వచ్చిందక్కా. తలుపు కొట్టారని చెప్పే మనిషి, వెనక బండి వస్తుందని చెయ్యి పట్టి లాగే మనిషి. డ్రైవర్లు నా వీపు వెనక ఏమనుకుంటారో అడిగి తెలుసుకుంటాను. తిడితే తిట్టారని చెప్పమంటాను.

నా దగ్గర ఈ సంతోషం చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఇంకెవరూ లేరు. అందుకే రెండు కాగితాలు రాశాను, ఒకటి చెమటకు తడిసి పాడైంది.

దివాకర్


ఆత్మకూర్,
నవంబర్ 2022.

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఇక్కడ పత్తి ఏరే రోజులు కదా, వార్డులో తల్లులు తక్కువ, అవ్వలు ఎక్కువ. చలి మొదలైంది.

ఒక చిన్న పని చెయ్యి, ఊరికే అడుగుతున్నాను. చిన్నిని నేల మీద కాకుండా మనీష ఒళ్ళో కూర్చోబెట్టండి. మనీష కదలకూడదు. పాపకు కనబడకుండా వెనక నిలబడి ఇక్బాల్ బీని పిలవమను. కాలు తన్నొద్దు, ఏమీ పడేయొద్దు, నోటితోనే పిలవాలి. ఏమవుతుందో రాయి.

బస్సు ఎక్కి ఒకసారి ఇక్కడికి వచ్చినా బాగుంటుంది. కృష్ణ ఒడ్డుకు పోదాం, మనీష చూడలేదు కదా.

అక్క


నార్కట్‌పల్లి,
డిసెంబర్ 2022.

అక్కా,

నువ్వు ఊరికే ఏదీ అడగవు. నేను రెండు కాగితాల సంతోషం రాస్తే నువ్వు చలి గురించి రాశావు. సంతోషమని ఒక్క మాట లేదు. కృష్ణ చూపిస్తావట. ఇంతకాలం ఎప్పుడూ గుర్తు రాని కృష్ణ ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది?

నీ ఉత్తరం నర్సు రాసింది. నా కూతురు నీ వార్డులో బిడ్డ కాదు. నువ్వు చెప్పిన పని చేయలేదు, చేయను. అక్క రాసినప్పుడు జవాబిస్తాను.

దివాకర్


ఆత్మకూర్,
డిసెంబర్ 2022.

దివాకర్,

నువ్వు తిట్టింది నిజమే. అడగాల్సింది అడ్డంగా అడిగాను. సూటిగా రాస్తున్నాను, కోపమొచ్చినా చివరిదాకా చదువు.

నువ్వు నేలను తన్నినప్పుడు చిన్ని తిరిగింది చెవితో కాకపోవచ్చు. సిమెంటు నేల అదురుతుంది. ఆ అదురు చాప మీద పడుకున్న బిడ్డ వీపుకు తెలుస్తుంది. తాంబాళం పడినా అంతే. నువ్వూ మనీషా ఒకరి పిలుపు ఒకరు అందుకునేది కూడా అరికాలితోనే కదా. మీ ఇంట్లో పుట్టిన పిల్ల మీ ఇంటి పిలుపు నేర్చుకుంది. తెలివైన పిల్ల. అయినా అది వినడం కాదు తమ్మీ.

నీ మొదటి ఉత్తరంలో సిస్టర్ మాస్కు లోపలి నుంచి చాలాసేపు ఏదో చెప్పిందన్నావు. ఆమె ఏం చెప్పి ఉంటుందో నేను ఊహించగలను. ఆ మాట నేను కూడా రోజూ చెబుతాను, మాస్కు పెట్టుకునే. నెల తరువాత చెవి పరీక్షకు తీసుకురండి అని.

నా అనుమానం తప్పయితే నా అంత సంతోషించేవాళ్ళు ఉండరు. తప్పు కాకపోతే ఇప్పుడు తెలియడం వేరు, మూడేళ్ళకు తెలియడం వేరు. చెవి ద్వారా మాట పట్టుకునే కాలం పసితనమే. అది గడిచాక ఏ మిషన్ పెట్టినా సగమే. నీకు తొమ్మిదేళ్ళ మాట మిగిలింది కాబట్టి నువ్వు ఇట్లా ఉత్తరాలు రాస్తున్నావు. చిన్నికి అది కూడా లేదు.

వినబడకపోతే బతకలేరని నేను అనడం లేదు. నిన్నూ మనీషనూ చూసి ఆ మాట ఎట్లా అంటాను? తెలుసుకుందాం అంటున్నాను, అంతే.

అక్కే రాసింది ఇది. రాస్తూ ఏడ్చింది కూడా.

సుహాసిని


ఆత్మకూర్,
ఫిబ్రవరి 2023.

తమ్మీ,

నీ జవాబు లేదు. వాట్సాప్‌లో పెట్టిన నాలుగు మాటలూ నువ్వు తెరవలేదు. మా పోస్టుమాన్ బీరప్ప నన్ను చూసి దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. నిన్న దగ్గరికొచ్చి, "ఎవలమ్మా గంత తిప్పలు వెడుతున్నరు, ఇంటాయనా?" అన్నాడు. తమ్ముడని చెప్పాను. "తమ్ముల్లు గట్లనే ఉంటరు" అని సైకిలెక్కి పోయాడు.

జవాబు లేకపోయినా రాస్తాను. నువ్వు తప్ప నాకు రాయడానికెవరున్నారు?

వెంకటేష్ సారుకు నీ సంగతంతా చెప్పాను. ఇన్నేళ్ళూ చెప్పలేదు, జాలిపడతారని. చిన్ని సంగతి కూడా చెప్పాను. ఆయన తింటున్న అన్నం డబ్బాకు మూత పెట్టాడు. "మిషన్ వార్డులకు తెప్పియ్యుండ్రి సిస్టర్" అన్నాడు. అంతే, తెప్పించాను.

ఇప్పుడు ఇంటికి పోయే రోజున పరీక్ష పెట్టడం లేదు. ముందు రోజు మధ్యాహ్నమే, తల్లి పాలిచ్చాక ఒళ్ళో బిడ్డ నిద్రపోగానే అక్కడే చేస్తున్నాం. మంచి ఘడియతో పేచీ లేదు. చెప్పాల్సింది వార్డులో చెప్పడం లేదు. తల్లిని వరండాలోకి తీసుకుపోయి మాస్కు తీసి, మొహం మొహం చూసుకుంటూ చెబుతున్నాం. ఆమె తలూపితే ఒప్పుకోవడం లేదు. "నేనేం జెప్పిన్నో నువ్వు జెప్పు" అంటుంది మెర్సీ. తల్లి తిరిగి చెప్పేదాకా వదలదు. ఎంతమంది అర్థం కాకుండానే తలూపుతారో ఇప్పుడు తెలుస్తోంది. వినబడేవాళ్ళే, తమ్మీ.

నిన్న ఒక బిడ్డకు పరీక్షలో తేడా కనబడింది. తల్లి పక్కన కూర్చున్నాను. గదికి వచ్చి అన్నం వండుకోబుద్ధి కాలేదు.

చిన్నికి ఇప్పుడు కూర్చోవడం వచ్చి ఉండాలి. ఫోటో ఒకటి పంపు. బొమ్మలు పెట్టను.

అక్క


నార్కట్‌పల్లి,
మార్చి 2023.

అక్కా,

చిన్ని కూర్చుంటుంది. పాకుతుంది కూడా.

నువ్వు రాసింది చదివి నేను చేసిన మొదటి పని మనీషకు చూపించకుండా దాచడం. రెండో పని రోజూ నేలను తన్నడం. రోజూ తిరుగుతూనే ఉంది. నువ్వు తప్పని నాకు నేనే చెప్పుకుంటూ పోయాను.

పోయిన వారం మా పక్క ఇంటి పెళ్ళికి బ్యాండు వచ్చింది. మా గుమ్మం ముందే నిలబడి వాయించారట, నాకు డప్పు ఛాతీలో తెలిసింది. చిన్ని మంచం మీద నిద్రపోతోంది. రెప్ప కదలలేదు. ఇక్బాల్ బీ చెవులు మూసుకుని మా ఇంట్లోకి వచ్చి, పాపను చూసి, నన్ను చూసి, తల దించుకుంది. నేను ఆమె గడ్డం పట్టి పైకి లేపాను. పెదాలు కనబడాలి కదా. అప్పుడు మెల్లగా అంది. "నాకెరికె బేటా. నీళ్ళు వోసేటప్పుడు ఎన్నిసార్లు పిలిచిన్నో. మీరు గంత ఖుషీగున్నరు. ఎట్ల జెప్పాల్నో తెల్వక ఊకున్న."

ఆమెకు తెలుసు. వాడలో అందరికీ తెలుసు. తాంబాళం పడేసిన రోజు కూడా ఆమెకు తెలుసు. నా వెనక అందరూ ఒకటి తెలుసుకుని, నా ముందు అందరూ నవ్వారు. నేను తలూపి బతికినవాణ్ణి, నా ముందు వీళ్ళంతా తలూపారు. ఆమె మీద కోపం రాలేదు. ఎక్కడైనా పోయి కూర్చోవాలనిపించింది, పోవడానికి చోటు గుర్తు రాలేదు.

మనీషకు నీ ఉత్తరం చూపించాను. ఆమె ఏడవలేదు. రెండు వేళ్ళతో "నాలాగే" అంది, పాపను ముద్దు పెట్టుకుంది. నాకు సిగ్గేసింది.

ఉగాది అయ్యాక వస్తాం. ఒక్కటి ముందే చెబుతున్నా. వినబడకపోతే అయ్యో అని ఎవరూ అనొద్దు. మీ డాక్టరుకు కూడా చెప్పు.

దివాకర్


ఆత్మకూర్,
ఏప్రిల్ 2023.

తమ్మీ,

క్షేమంగా చేరారని మెసేజ్ చూశాను. బొమ్మ పెట్టలేదు, గమనించే ఉంటావు.

పెద్ద పరీక్ష కూడా అయ్యాక వెంకటేష్ సారు మాస్కు తీసి నీకు మెల్లగా చెబుతుంటే నేను పక్కకు తిరిగాను. నీ మొహం చూడలేకపోయాను. ఆయన చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను, మనీష చదువుకోవడానికి. చిన్నికి రెండు చెవులూ చాలా తక్కువ. పూర్తిగా పోలేదు. చెవి మిషన్లు పెట్టి, దగ్గరగా గట్టిగా మాట్లాడుతూ ఉంటే కొంత అందవచ్చు. చాలకపోతే ఆపరేషన్ సంగతి ఏడాది దాటాక చూస్తారు.

బస్టాండులో నువ్వు టికెట్టు వెనక రాసిచ్చిన ప్రశ్న నా పర్సులోనే ఉంది. "మిషన్ పెడితే అది మీవైపు వస్తుంది. మాటలు రాని మా ఇంట్లో దానికేం పని? మాకెవరు?" బస్సు కదులుతుంటే జవాబు రాయడానికి పెన్ను దొరకలేదు. దొరికినా ఏం రాసేదాన్నో తెలియదు.

ఇప్పుడూ పూర్తిగా తెలియదు. ఒకటి మాత్రం చెబుతాను. వినబడేవాళ్ళ వైపు అని నువ్వు అనుకునే చోట నేను ఉన్నాను. ఇక్కడ పొద్దంతా మాటలే, సాయంత్రం మెట్లెక్కి తాళం తీస్తే నన్ను పిలిచేవాళ్ళు లేరు. మీ ఇంట్లో ఒకరు కాలితో తంతే ఇంకొకరు తిరుగుతారు. ఆ పిల్ల అది వదిలి ఎక్కడికీ పోదు.

పోయే ముందు మనీష నాతో సైగ చేసింది. నాకు సగమే అర్థమైంది. రెండు చేతులు చూపించింది, తరువాత చెవి చూపించింది, రెండూ కలిపి గుండెకు హత్తుకుంది. సరిగ్గా అర్థమైందో లేదో నువ్వే రాయి.

అక్క


నార్కట్‌పల్లి,
జూలై 2023.

అక్కా,

సరిగ్గానే అర్థమైంది. చేతులూ ఇద్దాం, చెవీ ఇద్దాం అంది. ఈ ఇంట్లో తెలివి ఎవరిదో నీకు తెలుసు కదా.

మిషన్లు వచ్చి నెల దాటింది. మొదటి వారం పీకి పారేసింది. ఒకటి పప్పు గిన్నెలో దొరికింది. ఇక్బాల్ బీ కుట్టిన టోపీలో పెట్టి కడితే ఇప్పుడు ఉంచుకుంటోంది. ఆమె రోజూ వచ్చి దగ్గర కూర్చుని మాట్లాడుతుంది. ఏం మాట్లాడుతుందని అడిగితే, "మా అత్త కథలు, నా కోడలి కథలు" అంది. పిల్ల మొదట నేర్చుకునేవి కోడళ్ళ మీద తిట్లే అయ్యేట్టున్నాయి.

నిన్న పొద్దున చిన్ని మంచం మీద నాకు వీపు పెట్టి కూర్చుని దారపు ఉండతో ఆడుకుంటోంది. నేను పనికి పోతూ దాన్ని పిలుద్దామని అలవాటు కొద్దీ కాలెత్తాను. ఎత్తిన కాలు అట్లాగే ఆగిపోయింది. తంతే తిరుగుతుంది. కానీ మిషన్లు ఎందుకు పెట్టినట్టు?

బళ్ళో పిల్లలు నా గొంతును వెక్కిరించిన రోజు నుంచి నేను నోరు తెరవలేదు. నీ ముందు కూడా తెరవలేదు. నా గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, ఉందో లేదో కూడా తెలియదు. కాలు మెల్లగా కిందికి దించి, మంచానికి తగలకుండా నిలబడి, పిలిచాను. ఛాతీలో అదిరింది కాబట్టి ఏదో శబ్దం వచ్చిందనుకున్నాను.

చిన్ని దారపు ఉండ వదిలేసింది. ఇటు తిరిగింది అక్కా. కొత్త మనిషి ఎవరో వచ్చినట్టు నా నోటివైపు చూసింది.

మనీష పొయ్యి దగ్గర నుంచి చూసింది, గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. గుమ్మంలో ఇక్బాల్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పోయి కొంగు తీసేసి, ఏమని పిలిచాను అని సైగ చేశాను. ఆమె ఒక్కో మాట విడదీసి చెప్పింది. "'ఇటు రాయే బిడ్డా' అన్నవ్. చిన్న పోరగాని లెక్క అన్నవ్ బేటా. ఈడోళ్ళ లెక్క లేదు, మీ మర్రిగూడోళ్ళ లెక్కనే ఉంది."

చిన్నీ అని పిలిచాననుకున్నాను. నోట్లో నుంచి వచ్చింది అమ్మ పిలుపు. మేకల దగ్గర నిలబడి నిన్ను పిలిచేది కదా, అదే. ఇంతకాలం నీ ఉత్తరాల్లో వెతుక్కున్న మాట నాలోనే ఉండిపోయింది. నా దగ్గర ఉన్నా నాకు వినబడదు, అది చిన్నికి వినబడింది. పనికి పోలేదు. సాయంత్రం దాకా పిలుస్తూనే కూర్చున్నాను. కొన్నిసార్లు తిరిగింది, కొన్నిసార్లు తిరగలేదు. తిరగనప్పుడు మనీష నేలను తన్నింది.

ఇంకొకటి. షెడ్డు వెనక ఎవరూ లేనిచోట నీ పేరు కూడా పలికి చూశాను. సరిగ్గా వచ్చిందో లేదో చెప్పేవాళ్ళు అక్కడ లేరు. ఈ ఉత్తరానికి జవాబు రాయొద్దు. వార్డు మెర్సీ సిస్టరుకు అప్పజెప్పి బస్సెక్కు. నార్కట్‌పల్లి చౌరస్తాలో చిన్నినెత్తుకుని నిలబడతాను. నువ్వు దిగి అటు తిరిగి నిలబడు, నన్ను చూడకు. వెనక నుంచి సువ్వక్కా అని పిలుస్తాను. ఎట్లుందో విని చెప్పు.

నీ తమ్ముడు
దివాకర్